‘ఇంకా బిగినర్ లెవెలేనా?’ అని అడిగినవాళ్లకి



పోయిన నెల ఈ గ్రూపులో ఒక అన్నయ్య రాశారు. హాస్టల్ పిల్లలు రాత్రుళ్లు ల్యాప్‌టాప్ ముందు గుంపుగా కూర్చుని గేములు ఆడుతున్నారు, ఇంటి దగ్గర అమ్మానాన్న పసుపు అమ్మి పంపిన డబ్బు ఇలా పోతోంది అని. ఆ మాట మా రూముకి గట్టిగానే తగిలింది, ఎందుకంటే అలా కూర్చునేది మేమే. సమాధానం రాద్దామని మొదలుపెడితే, డబ్బు గురించి చెప్పడానికి రెండు లైన్లు కూడా పట్టలేదు. ఆట ఉచితం, నెట్ అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. అసలు చెప్పాల్సింది వేరే ఉందని రాస్తుంటే తెలిసింది. పోస్టు పెద్దదయింది. మెస్ నుంచి వచ్చాక తీరిగ్గా చదవండి.

మేము ఆరుగురం. అందరం ఏజెన్సీ ఊళ్ల నుంచి కిందికి దిగి చదువుకోవడానికి వచ్చినవాళ్లమే. ఐదుగురి ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందరికీ కలిపి ఒకటే ల్యాప్‌టాప్, అదీ సెకండ్ హ్యాండ్. బ్యాటరీ పావుగంట నిలబడదు. అందులో ఫ్రీఓరియన్ అనే ఆట ఆడతాం. అంతరిక్షంలో ఒక గ్రహంతో మొదలుపెట్టి సామ్రాజ్యం కట్టే ఆట. మనం ఒక వైపు, కంప్యూటర్ నడిపే సామ్రాజ్యాలు, అంటే ఏఐలు, మిగతా వైపులు. టర్న్ పద్ధతి, చదరంగంలాగా. మనం ‘టర్న్’ నొక్కేదాకా అది ఆగుతుంది. అందుకే ఆరుగురం ఒక్క స్క్రీన్ ముందు కూర్చుని ఒక ఎత్తు గురించి అరగంట కొట్టుకోవచ్చు. కరెంటు పోయినా పెద్దగా పోయేదేమీ లేదు, సేవ్ చేసిన దగ్గర్నుంచి మళ్లీ మొదలు.

ఒక ఆదివారం మా క్లాసులో చదివే సిటీ ఫ్రెండ్ ఒకతను రూముకొచ్చాడు. స్క్రీన్ చూసి, ‘ఏ లెవెల్’ అని అడిగాడు. ‘బిగినర్’ అన్నాం. ‘ఇన్ని నెలల్నుంచి ఇంకా బిగినరేనా?’ అని నవ్వాడు. తను స్టెల్లారిస్‌లో గ్రాండ్ అడ్మిరల్ లెవెల్ ఆడతానన్నాడు. అతను మంచివాడే, నోట్సులు ఇస్తాడు, పరీక్ష ఫీజు కట్టడానికి ఒకసారి అప్పు కూడా ఇచ్చాడు. కానీ ఆ నవ్వు మాకు పాత నవ్వే. సెమినార్‌లో ఇంగ్లీషు మధ్యలో ఆగిపోయినప్పుడు వెనక బెంచీల్లోంచి వినిపిస్తుంది కదా, అదే. మాలో ఒకడు ఆ రోజు నుంచి రెండు వారాలు ఆట దగ్గరికి రాలేదు. ‘మన బుర్రలకి ఇది పట్టదురా, వదిలేయండి’ అన్నాడు. అక్కడితో ఆగితే పర్వాలేదు, ఆ వారమే గణితం ట్యుటోరియల్‌కి కూడా వెళ్లలేదు. అదే మాట అక్కడ కూడా అన్నాడు.

అప్పుడు మేము కూర్చుని ఒక పని చేశాం. లెవెల్ అంటే అసలు ఏంటి అని వెతికాం. పైకి వెళ్లేకొద్దీ కంప్యూటర్ ఏం చేస్తుంది? ఎక్కువ ఆలోచిస్తుందా? లేక ఇంకేమైనా ఉందా?

ఈ రకం ఆటలకి ఫోర్ ఎక్స్ అని పేరు. 1993లో మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే ఆట రాబోతున్నప్పుడు, కంప్యూటర్ గేమింగ్ వరల్డ్ అనే పత్రికలో అలన్ ఎమ్రిక్ అనే ఆయన దాని గురించి రాస్తూ ఈ పేరు పెట్టాడు. వెతుకు, విస్తరించు, వాడుకో, తుడిచిపెట్టు. ఇంగ్లీషులో ఈ నాలుగు మాటల్లోనూ ఎక్స్ అక్షరం గట్టిగా వినిపిస్తుంది, అందుకని నాలుగు ఎక్స్‌లు. (నాలుగో మాట దగ్గర మీకు ఏమనిపించిందో మాకూ అదే అనిపించింది. దాని దగ్గరికి వస్తాం.) ఆ మాస్టర్ ఆఫ్ ఓరియన్‌లో ఐదు లెవెళ్లు. చివరి దాని పేరు ఇంపాసిబుల్. మేము ఇన్నాళ్లూ ఏమనుకున్నామంటే, ఇంపాసిబుల్ అంటే లోపల ఒక మహా మేధావి కూర్చుని మనకంటే పది ఎత్తులు ముందు చూస్తుంటాడని. అలా కాదట. లెవెల్ పెరిగేకొద్దీ ఏఐకి ఉత్పత్తిలో అదనపు బోనస్ ఇస్తారు. మన ఫ్యాక్టరీ ఒక ఓడ చేసే టైములో దాని ఫ్యాక్టరీ అంతకంటే ఎక్కువ చేస్తుంది. ఆలోచించే తీరు పెద్దగా మారదు, చేతిలో సరుకు మారుతుంది.

ఇది ఆ ఒక్క ఆటలోనే అనుకుంటే పొరపాటు. భూమి మీద ఆడే సివిలైజేషన్ 6, అది 2016లో వచ్చింది, అందులో అన్నిటికంటే పై లెవెల్ పేరు డైటీ, అంటే దేవుడు. ఆ లెవెల్లో మనం ఒక్క సెటిలర్‌తో మొదలుపెడితే ఏఐ మూడు సెటిలర్లతో మొదలవుతుంది. మనం మొదటి ఊరు కట్టి ఊపిరి పీల్చుకునేలోపు దానికి మూడు ఊళ్లు. అదీ కాక ఉత్పత్తిలో, డబ్బులో, చదువులో, యుద్ధ బలంలో కూడా అదనం. మన ఫ్రెండ్ చెప్పిన స్టెల్లారిస్ కూడా 2016దే. అందులో ఎన్సైన్ అనే లెవెల్ దగ్గర ఏఐకి అదనంగా ఏమీ ఉండదు. అక్కడ్నుంచి పైకి వెళ్లేకొద్దీ బోనస్ పెరుగుతూ పోయి గ్రాండ్ అడ్మిరల్ దగ్గర అన్నిటికంటే ఎక్కువ. కావాలంటే ఆ బోనస్ మొదట్లో తక్కువగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగేలా కూడా పెట్టుకోవచ్చు.

గేములు చేసేవాళ్లు మోసం చేస్తున్నారని మేము అనట్లేదు. ఆలోచించే ఏఐని రాయడం చాలా కష్టం. ఈ ఆటల్లో ఒక్కో టర్న్‌లో వందల నిర్ణయాలుంటాయి, ఏ పరిశోధన, ఏ ఓడ, ఏ గ్రహం, ఎవరితో శాంతి, ఎవరితో యుద్ధం. మామూలు కంప్యూటర్ మీద కొన్ని సెకన్లలో అవన్నీ బాగా తేల్చే ప్రోగ్రాం రాయడం అంత తేలిక కాదు. బోనస్ ఇవ్వడం తేలిక. బాగా ఆడేవాళ్లకి పోటీ కావాలి కాబట్టి ఇస్తారు. అందులో తప్పేం లేదు. మాకు నచ్చనిది పేరు పెట్టే పద్ధతి. అవతలివాడికి మూడు రెట్లు సరుకు ఇచ్చి దానికి ‘కఠినం’, ‘అసాధ్యం’ అని పేరు పెడితే, ఓడిపోయినవాడు తనకి తెలివి తక్కువ అనుకుంటాడు. మాలో ఒకడు అలాగే అనుకున్నాడు, అదీ బిగినర్ అనే పేరు విని.

మాకు ఇది ఎందుకు ఇంత పట్టిందో ఈ గ్రూపులో వివరించి చెప్పక్కర్లేదు. ఐదో తరగతి దాకా ఒకే సార్ నాలుగు క్లాసులు చెప్పిన బడి నుంచి వచ్చి, ఎనిమిదో తరగతి నుంచే కోచింగ్‌లో ఉన్నవాళ్ల పక్కన కూర్చుంటాం. మొదటి సెమిస్టర్ మార్కులు వచ్చాక రూములో లైటు తీసేసి పడుకున్నవాళ్లం మేము. ఆ రోజు ఎవరైనా వచ్చి ‘అవతల మూడు సెటిలర్లు రా’ అని చెప్పి ఉంటే బాగుండేది.

అయితే కథ ఇక్కడ ఆపేస్తే అది సాకు అవుతుంది. ఎందుకంటే మేము ఆడే ఫ్రీఓరియన్‌లో ఆ బోనసే లేదు.

ఫ్రీఓరియన్ మాస్టర్ ఆఫ్ ఓరియన్ స్ఫూర్తితో కొంతమంది కలిసి స్వచ్ఛందంగా చేసిన ఆట. దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. ఇందులో ఏఐ కూడా మనలాగే ఒక ఆటగాడిగా సర్వర్‌కి కలుస్తుంది. మనకి కనిపించనిది దానికీ కనిపించదు, మనకి రాని ఉత్పత్తి దానికీ రాదు. లెవెల్ అని మేము అంటున్నాం గానీ దాన్ని ఇందులో దూకుడు అంటారు. బిగినర్, టర్టిల్, కాషస్ నుంచి అగ్రెసివ్, మేనియాకల్ దాకా ఆరు మెట్లు. టర్టిల్ అంటే తాబేలు, చిప్పలోకి ముడుచుకుని కూర్చునే రకం. మేనియాకల్ అంటే ఇక చూడక్కర్లేదు, దొరికిన ప్రతి గ్రహం మీదికి వస్తుంది. కింది మెట్లలో ఏఐ తనని తాను కట్టేసుకుని ఆడుతుంది, పై మెట్టులో కట్లు విప్పుకుని ఆడుతుంది. మా ఆటల్లో చూసింది ఏంటంటే బిగినర్ ఏఐని శాంతి అడిగితే ఒప్పుకుంటుంది, మేనియాకల్‌ని ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు.

అంటే ఇక్కడ మేనియాకల్ చేతిలో ఓడిపోతే బోనస్ అని చెప్పుకోడానికి లేదు. అవతలివాడూ ఒకే గ్రహం, ఇవే ఓడలు, ఇవే రూల్సు. ఓడిపోయాం అంటే మనం ఎక్కడో తప్పు చేశాం. ఆ తప్పు వెతికితే దొరుకుతుంది. మేము చెప్పదలచుకున్నది దాదాపు ఇదే. ఓటములు రెండు రకాలు. ఒకటి సరుకు తేడా వల్ల వచ్చేది, రెండోది ఆట తెలియక వచ్చేది. ఈ రెండూ కలిపేసుకుని ‘మన బుర్రలకి పట్టదు’ అనడమే అన్నిటికంటే పెద్ద నష్టం. ఏది ఏదో తెలియాలంటే ముందు రూల్సు ఎవరికి ఎలా ఉన్నాయో చూడాలి.

ఇప్పుడు మా తప్పులు చెబుతాం. కొత్తగా ఆడాలనుకునే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి పనికొస్తాయి.

మొదటి మూడు ఆటలు యుద్ధం పిచ్చితో పోయాయి. మొదటి టర్న్ నుంచే యుద్ధ ఓడలు కట్టాం. అవి మొదట్లో దొరికే చిన్న ఓడలు, బలం తక్కువ. వాటితో పోయి అవతలివాడి మీద కొట్టుకుంటే గీత కూడా పడలేదు. ఈ ఆటలో ఓడల షీల్డ్ ఒక్కో దెబ్బలోంచి కొంత తీసేస్తుంది. బలహీనమైన దెబ్బలు వంద కొట్టినా షీల్డ్ దాటకపోతే లెక్క సున్నా. గుంపు ఎంత పెద్దదైనా లాభం లేదు. ముందు పరిశోధనలో జోర్ట్రియం అనే కవచం, రోబోటిక్ హల్ అనే ఓడ చట్రం సంపాదించాలి. ఆ చట్రం కట్టాలంటే గ్రహం దగ్గర డ్రైడాక్ ఉండాలి. అదే డ్రైడాక్‌లో దెబ్బతిన్న ఓడలు బాగవుతాయి కూడా. ఇవి రాకముందు కట్టిన యుద్ధ ఓడలన్నీ ఆ టైములో కట్టని ఔట్‌పోస్టుల కింద లెక్క.

ఔట్‌పోస్టు అంటే జనం లేని చిన్న స్థావరం. మొదట్లో దాన్ని మేము పట్టించుకోలేదు, ‘జనమే లేకపోతే ఏం లాభం’ అని. దాని లాభం సప్లై. మన సరఫరా ఎంత దూరం పోతే మన ఓడలు అంత దూరం ఇంధనం భయం లేకుండా తిరుగుతాయి. సరఫరా దాటి పోతే ఒక్కో దూకుకి ఒక యూనిట్ ఇంధనం ఖర్చు. అక్కడ ఆగిపోతే టర్న్‌కి 0.1 చొప్పున నింపుకోవాలి, అంటే ఒక దూకు దూకడానికి పది టర్న్‌లు కూర్చోవాలి. నాలుగో ఆటలో మా పెద్ద దళం మొత్తం అలాగే ఇంధనం అయిపోయి శత్రువు ఇంటి ముందు నిలబడిపోయింది. ఘాట్ రోడ్డు మీద డీజిల్ అయిపోయిన జీపులాగా. వాళ్లు తీరిగ్గా వచ్చి ఒక్కొక్కటీ పగలగొట్టారు.

ఐదు, ఆరు ఆటలు దీనికి తిరగబడి పోయాయి. విస్తరించడం నేర్చుకున్నాం కదా అని కనిపించిన గ్రహమల్లా తీసుకున్నాం. కొత్త వెర్షన్లలో ఇన్‌ఫ్లుయెన్స్ అని ఒకటి ఉంది, పలుకుబడి అనుకోండి. ప్రతి కాలనీకీ టర్న్ టర్న్‌కీ దాంట్లోంచి ఖర్చు ఉంటుంది. అది మైనస్‌లోకి పోతే జనం స్థిరత్వం పడిపోతుంది, ఉత్పత్తి పడిపోతుంది, మనం పెట్టిన విధానాలు నిలబడవు. పదిహేను గ్రహాలున్న సామ్రాజ్యం ఆరు గ్రహాలున్న పక్కవాడికంటే పేదదైపోయింది. ఇంట్లో ఎకరాలున్నా చేతిలో రూపాయి లేని పరిస్థితి మాకు కొత్త కాదు గానీ ఆటలో కూడా ఉంటుందనుకోలేదు. ఇప్పుడు మేము మూడో నాలుగో గ్రహం వచ్చేసరికి ఒకదాన్ని ఇన్‌ఫ్లుయెన్స్ మీద పెడతాం. అదీ తొందరగా పెట్టాలి, ఎందుకంటే గ్రహం పనిని మారిస్తే ఫలితం వెంటనే రాదు, మెల్లగా ఎక్కుతుంది. మాటిమాటికీ మారిస్తే ఇంకా నష్టం.

ఏడో ఆటకి ముందు ఒక మలుపు. మాలో కంప్యూటర్స్ చదివేవాడు ఆట ఫోల్డర్‌లో ఏఐ ఫైళ్లు తెరిచాడు. అవి పైథాన్‌లో ఉన్నాయి, నోట్‌ప్యాడ్‌లోనే చదవొచ్చు. అందరికీ అర్థమయ్యాయని చెప్పం. నాలుగు రాత్రులు వాడు చదివి చెబుతుంటే మేము విన్నాం. ఏ విధానం ముందు పెట్టాలి, ఏ గ్రహానికి ఎంత విలువ, ఒక చోట ఎంత ప్రమాదం ఉంటే ఎంత సైన్యం పంపాలి, అన్నీ లెక్కలుగా రాసి ఉన్నాయి. ముందు ప్రాపగాండా విధానం, తర్వాత అల్గారిథమిక్ రీసెర్చ్ లాంటివి. మేము అప్పటిదాకా ప్రాపగాండా పెట్టనే లేదు, పేరు నచ్చలేదు కాబట్టి! పేరు నచ్చకపోయినా టర్న్‌కి ఇన్‌ఫ్లుయెన్స్ వస్తుంది.

ఆ ఫైళ్లు చదివాక మాకు ఏఐ మీద భయం పోయింది, కొంచెం గౌరవం కూడా వచ్చింది. లోపల దెయ్యం ఏమీ లేదు. ఎవరో మనుషులు కూర్చుని, ఆడి, ఓడి, తెలుసుకున్నది వరసగా రాసిపెట్టారు. మా సీనియర్ల నోట్సులాగా. ఆ నోట్సు దానికి ఉంది, మాకు లేకపోయింది, అంతే తేడా. రెండు వారాలు రానివాడు ఈ చదువుడు రాత్రుల్లో మూడో రోజు వచ్చి మంచం చివర కూర్చున్నాడు. ఏమీ అనలేదు, మేమూ ఏమీ అడగలేదు. నాలుగో రోజు పెన్ను తీసుకుని ఆ విలువల లెక్క తనే వేశాడు.

దాని బలహీనత కూడా అక్కడే దొరికింది. ఏఐ ప్రతి చోటా బలం అంచనా వేసి దానికి తగ్గట్టు పంపుతుంది. మనం ఒక చోట పెద్ద దళం చూపిస్తే అటు సర్దుతుంది. మనం ఎందుకు చూపిస్తున్నామో ఆలోచించదు. ఉత్తరాన కనిపించేలా నిలబెట్టి దక్షిణం నుంచి దిగితే చాలాసార్లు దొరికిపోయింది. మా పదో ఆట ఇలాగే మేనియాకల్ మీద గెలిచాం. గెలిచాక రూములో గొడవ. ఇది గెలుపేనా? మోసపోవడం తప్ప వేరే దారి లేనివాడిని మోసం చేసి గెలిస్తే అందులో గొప్పేంటి అని ఇద్దరు, యుద్ధంలో అన్నీ యుద్ధమే అని నలుగురు. మా రూము తీర్పు ఏంటంటే అది సగం గెలుపు. దొంగ దళం పెట్టకుండా గెలిస్తే పూర్తి గెలుపు. పదకొండో ఆటలో అలా ఆడి ఓడిపోయాం.

ఇక ఆ నాలుగో ఎక్స్ సంగతి.

ఈ ఆటలో కొన్ని గ్రహాల మీద ముందే జనం ఉంటారు. వాళ్లని నేటివ్స్ అంటారు. అంటే స్థానికులు, మూలవాసులు, మనం వాడే మాటల్లో ఏదైనా పెట్టుకోండి. వాళ్లకి సామ్రాజ్యం ఉండదు, ఓడలుండవు, ఎవరి మీదికీ రారు. ఆ గ్రహం మీద క్లిక్ చేస్తే జాతి పేరు, జనాభా, షీల్డ్ ఎంత, సైనికులెంతమంది అన్నీ కనిపిస్తాయి. షీల్డ్ సున్నా ఉంటే వాళ్ల కంటే ఎక్కువ మంది సైనికుల్ని దించితే గ్రహం మనది. ఆట మొదట్లో ఇంతకంటే చౌక బేరం లేదు. కాలనీ కట్టి జనాభా పెంచడానికి ఎన్నో టర్న్‌లు పడుతుంది, ఇక్కడ తయారు జనాభా, కొన్నిసార్లు మనకి లేని ప్రత్యేక నైపుణ్యం ఉన్న జాతి. ఏఐ కూడా మొదట్లోనే వీళ్ల మీదికి పోతుంది. బాగా ఆడేవాళ్లు ఎవర్ని అడిగినా ముందు నేటివ్స్‌ని చూసుకో అంటారు.

మొదటి ఆటల్లో మేమూ అదే చేశాం, ఆలోచించకుండా. ‘ఇక్కడ 15 మంది సైనికులు, మనం 18 పంపితే చాలు’ అని లెక్క వేసింది కూడా మేమే. ఒక రోజు మా దళం ఒక నేటివ్ గ్రహం దగ్గర ఆగింది. మేము దాడి చేయమని చెప్పలేదు. దళం ‘అగ్రెసివ్’ మీద ఉండిపోయింది, కాబట్టి దానంతటదే కాల్పులు మొదలుపెట్టింది. (‘అబ్‌స్ట్రక్టివ్’ మీద పెడితే ఊరికే కాపలా ఉంటుంది, అప్పటికి మాకు తెలీదు.) స్క్రీన్ మీద ఆ గ్రహం రక్షణ అంకె తగ్గుతూ సున్నాకొచ్చింది. అప్పుడు మాలో ఒకడు మెల్లిగా అన్నాడు, ‘మనమే కదరా అక్కడున్నది’ అని. తర్వాత ఆ టర్న్ నొక్కడానికి ఎవరి చెయ్యీ లేవలేదు కొద్దిసేపు.

1/70 గురించి, సమత తీర్పు గురించి ఇదే గ్రూపులో ఎన్నో పోస్టులు చదివాం. మ్యాపులో ఖాళీ అని రాసి ఉన్న చోట మన తాతలు పోడు కొట్టుకున్న సంగతి మనకి తెలుసు. ఆ చదువంతా ఉన్న మేమే 18 మంది సైనికుల లెక్క ఇట్టే వేసేశాం. ఆట మమ్మల్ని చెడగొట్టింది అని మేము అనం. కానీ రూల్సు ఎలా పెడితే మనిషి చెయ్యి అటే పోతుందని చూశాం. గెలవాలంటే ఇదే చౌక అని రూలు చెబితే, ఎవరు కూర్చున్నా అదే చేస్తారు, మనమైనా సరే.

ఆట మొదలుపెట్టే ముందు నేటివ్స్ ఎంతమంది ఉండాలో పెట్టుకునే ఆప్షన్ ఉంది. ‘అసలు లేకుండా’ అని కూడా పెట్టొచ్చు. ఒకసారి అలా ఆడాం, మనసుకి ఇబ్బంది ఉండదని. అది ఇంకా అన్యాయంగా అనిపించింది. దాడి చేయకుండా ఉండటానికి వాళ్లని పుట్టకుండానే చేసేశాం కదా. వెంటనే మానేశాం.

ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేటివ్స్ మీద సైన్యం దించకూడదు. కొత్త వెర్షన్లలో వాళ్లకి మన మీద మంచి అభిప్రాయం ఉంటే ఇన్‌ఫ్లుయెన్స్ ఖర్చు పెట్టి కలుపుకునే దారి ఉంది. ప్రతి జాతికీ నచ్చే విధానాలు, నచ్చనివి ఉంటాయి, వాటిని చూసి నడుచుకోవాలి. ఇది పూర్తిగా న్యాయమైన దారి అని మేము ఒప్పుకోం. కలుపుకోవడం అనే మాట వెనక ఏముంటుందో మనకి తెలియందా? ఊళ్లోకి రోడ్డు వేస్తాం, బడి కడతాం, సంతకం పెట్టండి అన్నవాళ్లు మన దగ్గరికీ వచ్చారు. ఇద్దరు దీన్ని కూడా వద్దంటున్నారు, వాళ్లని వాళ్ల మానాన వదిలేయాలని. ఇంకా తేలలేదు. కానీ ఆట పరంగా ఒకటి చెప్పాలి. ఈ పద్ధతిలో ఆడితే లెవెల్ నిజంగా కష్టమవుతుంది. పక్కనున్న ఏఐ 20వ టర్న్ నుంచి 40వ టర్న్ మధ్యలో రెండు మూడు నేటివ్ గ్రహాలు మింగి లావెక్కుతుంటే, మనం ఔట్‌పోస్టులు, పరిశోధనతో తట్టుకోవాలి. అవతలివాడికి బోనస్ ఎవరూ ఇవ్వలేదు, మనమే ఒక చెయ్యి కట్టేసుకున్నాం. ఇలా కష్టం చేసుకోవడం మాకు ఇంపాసిబుల్ అనే బోర్డు కంటే నచ్చింది.

అన్నయ్య అడిగిన టైము సంగతి దాచకుండా చెబుతాం. మొదటి రెండు నెలలు హద్దు లేకుండా ఆడాం. మాలో ఒకరికి బ్యాక్‌లాగ్ వచ్చింది, దానికి ఆట కూడా ఒక కారణమే. ‘ఇంకొక్క టర్న్’ అనేది ఈ ఆటల్లో నిజమైన జబ్బు. టర్న్ చివర ఎప్పుడూ ఏదో ఒకటి పూర్తి కాబోతూ ఉంటుంది, ఒక ఓడ, ఒక పరిశోధన. అందుకని ఇప్పుడు శనివారం రాత్రి మాత్రమే, పరీక్షల నెలలో అసలు లేదు, ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ మాలో అన్నిటికంటే మొండివాడి దగ్గర ఉంటుంది. అన్నయ్య మాటలో ఈ సగం నిజం, ఒప్పుకుంటున్నాం. కానీ ఈ ఆటని ఫోన్లో ఒంటరిగా ముసుగు కప్పుకుని ఆడే ఆటలతో ఒకే గాటన కట్టొద్దని మా మనవి. ఆరుగురం ఒక నిర్ణయం గురించి వాదించుకోవడం మాకు ఇక్కడే అలవాటైంది. క్లాసులో నోరు తెరవని ఒకడు ఇక్కడ సప్లై లైన్ల గురించి అరగంట మాట్లాడతాడు. మొన్న సెమినార్‌లో కూడా మాట్లాడాడు, ఐదు నిమిషాలే అనుకోండి.

ఎవరైనా మొదలుపెడితే బిగినర్‌తోనే మొదలుపెట్టండి. చిన్న గెలాక్సీ, ఒక్క ఏఐ చాలు. స్కౌట్ ఓడల్ని పాసివ్ మీద పెట్టి దూరం పంపండి, రాక్షసుల నుంచి దాక్కుంటాయి. బిగినర్‌లో మూడు ఆటలు ఆడాక ఒక్కో మెట్టే ఎక్కండి. మీరు ఆడే ఆట ఏదైనా, ఆ లెవెల్లో ఏఐకి ఏమేం అదనంగా ఇస్తున్నారో ఒకసారి వెతికి చూసుకోండి. చూశాకే మీ ఓటమికి పేరు పెట్టండి.

సిటీ ఫ్రెండ్‌కి కూడా ఈ సంగతి చెప్పాం. గ్రాండ్ అడ్మిరల్‌లో ఏఐకి బోనస్ ఉంటుందని తనకి ముందే తెలుసన్నాడు. దాన్ని గెలవడం నిజంగానే గొప్ప అని మేమూ ఒప్పుకున్నాం, అంత సరుకున్నవాడిని తక్కువ సరుకుతో ఓడించడం చిన్న పనేం కాదు. అయితే మా రూలు ప్రకారం, నేటివ్స్‌ని ముట్టుకోకుండా, ఫ్రీఓరియన్‌లో మేనియాకల్ మీద ఒక ఆట ఆడమన్నాం. సరే అన్నాడు. మొన్న శనివారం వచ్చి కూర్చున్నాడు. 88వ టర్న్ దగ్గర ఇన్‌ఫ్లుయెన్స్ మైనస్‌లో ఉంది, తూర్పు నుంచి రెండు దళాలు వస్తున్నాయి, కరెంటు పోయింది. ఆట సేవ్ చేసే ఉంది. వచ్చే శనివారం ఎనిమిదింటికి మళ్లీ మొదలు. ఏం చేయాలో మీకు ఏమైనా తోస్తే ఈలోపు రాయండి. మా హాస్టల్ వాళ్లు చూడ్డానికి రావచ్చు గానీ ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి, మాది కాలిపోయింది.